మా ఊరి నాటకం మీదే నాటకం వేశాం: విజయనగరంలో మా అనుభవం

పిల్లలతో నాటకం వేయాలంటే ఎంతవుతుంది, హాలు ఎన్నాళ్లకి దొరుకుతుంది, పోలీసు పర్మిషన్ కావాలా అని ఆగస్టులో మేం నాటకం ఆడాక చాలామంది అడిగారు. ఫోన్లో సగం చెప్పి సగం మర్చిపోతున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను. నేను డిగ్రీ ఫైనలియర్. స్క్రిప్టులో సాయం చేశాను, ప్రాంప్టింగ్ చేశాను, చివర్లో లెక్కల పుస్తకం కూడా నా మెడకే తగులుకుంది. వేషం మాత్రం వేయలేదు.

మే రెండో వారంలో మొదలైంది. మా బృందంలో పన్నెండేళ్ల వాళ్ల నుంచి ఇరవై రెండేళ్ల వాళ్ల దాకా ఉన్నారు. నేర్పేది ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు. వయసులో ఉన్నప్పుడు పరిషత్తు నాటకాల పోటీలకని ఊరూరా తిరిగిన మనిషి. ఏటా మేం కన్యాశుల్కంలోంచి గిరీశం, వెంకటేశం సీను వేసేవాళ్లం. ఈసారి ఆయన వద్దన్నారు. "ఆ సీను ఈ ఊళ్లో ప్రతి స్కూలు వార్షికోత్సవంలోనూ ఉంటుంది. అసలు అది మొదటిసారి ఇక్కడ ఆడిన రాత్రి ఏం జరిగుంటుందో అది వేద్దాం" అన్నారు. 1892 ఆగస్టు 13న జగన్నాథ విలాసినీ సభ వాళ్లు దాన్ని విజయనగరంలోనే తొలిసారి ఆడారు. అక్కణ్ణుంచి ఇప్పటిదాకా ఊరి నాటకం కథంతా గంటన్నరలో చెప్పాలి. అదీ ఆగస్టు 13నే ఆడాలి. ఇదీ మా ప్లాను.

స్క్రిప్టుకి మూడు వారాలు పట్టింది. ఏం పెట్టాలన్నది కష్టం కాలేదు, ఏం తీసేయాలన్న దగ్గరే గొడవలు. గురజాడ ఇంటికి వెళ్లొచ్చాం. కోట దగ్గర బొంకులదిబ్బ కూడా చూసొచ్చాం. నాటకం మొదటి సీను జరిగేది అక్కడే. రోజూ అటే ట్యూషన్‌కి వెళ్లే మా పిల్లల్లో సగం మందికి ఆ సంగతి తెలీదు. హరికథలకి పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసు గారిని ఒక సీనులో పెట్టాం. 1919లో పెట్టిన సంగీత పాఠశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. సంగీతం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి ఆ వేషం వేస్తానని ముందుకొచ్చింది. తర్వాత జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి అన్నదమ్ములు కన్యాశుల్కాన్ని ఊరూరా ఆడిన రోజులు. శంకరాభరణంలో శంకరశాస్త్రిగా చేసిన సోమయాజులు ఈ నాటకంలో రామప్పపంతులు వేసేవాడంటే మా చిన్నపిల్లలు నమ్మలేదు.

స్క్రిప్టు మొత్తంలో నన్ను పట్టుకున్నది ఒక్క పేజీ. 1897లో పుస్తకం వేసినప్పుడు గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశారు. మూడేళ్లలో విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్లిళ్ల, అంటే డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్ల, జాబితా ఒకటి విజయనగరం మహారాజా తయారు చేయించారట. ఆ లెక్కలు అందులో ఉన్నాయి. మొత్తం 1,034 పెళ్లిళ్లు. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. చదివి వినిపిస్తుంటే మా ఏడో తరగతి పిల్ల "అక్కా, ఏడాది పిల్లకి పెళ్లంటే ఎత్తుకుని కూర్చోబెడతారా?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నని అలాగే స్క్రిప్టులో పెట్టేశాం.

జూన్ మొదటి వారంలో మొదటి గొడవ వచ్చింది. 1892 నాటకంలో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. కాబట్టి కన్యాశుల్కంలో వేశ్య మధురవాణి వేషం మాలో కూడా అబ్బాయే వేయాలన్నారు మాస్టారు. ఇంటర్ చదివే ఒకబ్బాయి సరదాగా ఒప్పుకున్నాడు. మర్నాడు వాళ్ల నాన్న వచ్చారు. ఫోన్లు పెరిగిపోయిన రోజులు, వీడియో తీసి ఎవడో పెడతాడు, కాలేజీలో ఏడిపిస్తారు, వద్దన్నారు. ఆయన భయం ఉత్తది అనలేం. మాస్టారు బతిమాలారు, నేను బతిమాలాను, లాభం లేకపోయింది. ఆ అబ్బాయి రిహార్సల్‌కి రావడం మానేశాడు.

వారం తర్వాత తాతగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయనది ఊరవతల పల్లె. డెబ్బై దాటాయి. కుర్చీ ఇస్తే కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడి మాస్టారితో చెప్పారు. "మావోడు ఒద్దన్నాడంట కద బాబూ. ఆడి సదువుకి డబ్బులు ఎక్కణ్ణుంచొచ్చాయో ఆడికి తెల్దు. నాను సత్యబామ యేసం కట్టి జడేసుకోని ఊరూరా ఆడినాను."

తూర్పు భాగవతం. మా జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు, మద్దెల మోగుతుంటే మగవాళ్లే సత్యభామ వేషం కట్టి తెల్లవార్లూ ఆడతారు. ఆ అబ్బాయికి కూడా తాత వేషం కట్టేవాడని అప్పుడే తెలిసింది. ఇంట్లో ఆ మాట ఎప్పుడూ ఎత్తరట. కొడుకుకి నామోషీ అని ఈయనే ఎత్తడం మానేశారట.

ఆ రోజు మాస్టారు స్క్రిప్టు మొదటి పేజీ చింపేశారు. మా కథ 1892లో తెర లేవడంతో మొదలయ్యేది. ఇప్పుడు తెర లేకుండా, మద్దెలతో, భామ జడతో మొదలవ్వాలి. దానికి చందాలిచ్చే పెద్దల్లో ఇద్దరు అభ్యంతరం చెప్పారు. అది నాటకం కాదు, భాగోతం అన్నారు. రాజావారి ఆస్థానం, గురజాడ, దాసుగారు ఉండగా ఇదెందుకన్నారు. మాస్టారు వాదించలేదు. "రెండు నిమిషాలే బాబూ" అన్నారు. ఆ రెండు నిమిషాలు తర్వాత ఏడయ్యాయి.

ఇక జాగా సంగతి. ఈ ఊళ్లో కళాకారుల విగ్రహాలకి కొదవ లేదు, రిహార్సల్ చేసుకోడానికి మాత్రం గది దొరకదు. వేసవి సెలవుల్లో ఒక బడిలో తరగతి గది ఇచ్చారు. జూన్ 12న బడులు తెరిచారు, మేం బయటికొచ్చాం. కొన్నాళ్లు మా ఇంటి డాబా మీద చేశాం. కింద అద్దెకున్నవాళ్లు గెంతులు ఆపమన్నారు, వాళ్లింట్లో పసిపిల్ల ఉంది పాపం. అప్పుడు ఆషాఢం ఆదుకుంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి కల్యాణమండపాలు ఖాళీ. తెలిసినాయన ఒకరు తన మండపంలో భోజనాల హాలు సాయంత్రాలు వాడుకోమన్నారు, కరెంటు డబ్బులు ఇస్తే చాలన్నారు. నెల రోజులు రాజాల్లా ఉన్నాం. శ్రావణం రాగానే పెళ్లిళ్లు మొదలయ్యాయి, మళ్లీ రోడ్డున పడ్డాం. మీరెవరైనా వేయాలనుకుంటే ఆషాఢాన్ని నమ్ముకోండి.

హాలుకి జూన్ 20న దరఖాస్తు పెట్టాం. పేరు చెప్పను. దరఖాస్తు, దాంతో పాటు ఎవరం, ఏం నాటకం, ఎన్ని గంటలు, బాధ్యత ఎవరిది అని ఒక లెటరు. వారంలో చెప్తామన్నారు. వారం తర్వాత వెళితే సారు క్యాంపులో ఉన్నారు. ఆ తర్వాత వెళితే ఫైలు ఇంకో సీటుకి వెళ్లింది. జులై 14న జవాబు వచ్చింది. ఆగస్టు 13 ఇవ్వలేం, స్వాతంత్ర్య దినోత్సవం కార్యక్రమాల రిహార్సల్స్ ఉన్నాయి, 17 ఆదివారం కావాలంటే తీసుకోండన్నారు. మాస్టారి మొహం చిన్నబోయింది. ఆయనకి ఆ తారీఖు మీదే మనసు. పిల్లలు మాత్రం ఆదివారమని ఎగిరి గంతేశారు, ఎందుకంటే 13 బుధవారం, ఆ రోజు కాలేజీ వదిలేదే అయిదింటికి. అద్దె 18,000, డిపాజిట్ 10,000, రాత్రి పది దాటితే గంటకి అదనం. ఏసీ వేస్తే వేరే. మేం వేయించలేదు.

మైకు పర్మిషన్‌కి స్టేషన్‌కి వెళ్లాలంటే నాకు టెన్షన్. హాలు రసీదు, దరఖాస్తు, కథ క్లుప్తంగా అరపేజీ తీసుకెళ్లాను. అక్కడున్న కానిస్టేబుల్ గారు అరపేజీ చదివి, గిరీశం డైలాగు ఒకటి అప్పజెప్పి, చదువుకునే రోజుల్లో తనూ వెంకటేశం వేశానన్నారు. అది రెండు రోజుల్లో అయిపోయింది. ఆఫీసుల పనంతటిలో సాఫీగా జరిగింది ఇదొక్కటే.

డబ్బు. మొత్తం 71,000 దాకా అయ్యింది. హాలు కాక పెద్ద ఖర్చు లైటింగూ సౌండూ, 16,000. కాలర్ మైకులు అందరికీ పెట్టాలంటే ఇంకో పది వేలు అన్నారు, అంత మా వల్ల కాలేదు. స్టేజీ ముందు మూడు, పైనుంచి రెండు వేలాడేసి సరిపెట్టాం. పాతకాలం కోట్లు, తలపాగాలు, ఉత్తరీయాలు, నగలు విశాఖపట్నం నుంచి అద్దెకి తెచ్చాం, రెండు రోజులకి 9,000, పైగా వ్యాను. పంచెలు మాత్రం ఇళ్లలోంచే. మేకప్‌కి 6,000. మేం అసలు లెక్కేయనిది తిండి. సాయంత్రం రిహార్సల్ అంటే పిల్లలకి ఏదో ఒకటి పెట్టాలి. టీ, పునుగులు, అరటిపళ్లు అనుకుంటూ పోతే ఎనిమిది వేలు దాటింది. ఇస్తామన్న ఇళ్లవాళ్లు తలా వెయ్యి ఇచ్చారు, ఇవ్వలేని వాళ్లని అడగలేదు. షాపుల వాళ్లు, పెద్దలు కలిపి పాతిక వేలు ఇచ్చారు. మిగతాది మాస్టారి పెన్షన్‌లోంచి వెళ్లింది. ఎంత అని ఆయన ఇప్పటికీ నన్ను పుస్తకంలో రాయనివ్వలేదు.

కాలర్ మైకులు లేవనేసరికి గొంతు సమస్య బయటపడింది. మా పిల్లలు ఫోన్ ముందు బ్రహ్మాండంగా చేస్తారు. నాలుగో వరుస దాటితే వినపడరు. మాస్టారు ఒకప్పుడు తనతో పరిషత్తులకి తిరిగిన నటి ఒకావిణ్ణి పిలిపించారు. ఇప్పుడు అరవై అయిదుంటాయి. భోజనాల హాలు చివర కుర్చీ వేసుకుని కూర్చుని, వినపడని ప్రతి మాటకీ చెయ్యెత్తేవారు. తిట్టరు, అరవరు, చెయ్యెత్తుతారంతే. రెండు రోజుల్లో పిల్లలు ఆ చేతిని చూస్తే వణికారు. అరవడం వేరు, మాట పంపడం వేరని ఆవిడ నేర్పారు. వాక్యం చివర గొంతు దించేయకూడదు, తెలుగులో క్రియ చివర్లో వస్తుంది, అది మింగేస్తే ఏం జరిగిందో వెనక వరసకి తెలీదు అన్నారు.

ఆవిడ తన సంగతులు చెప్పినప్పుడు మేం ఇంకో సీను రాశాం. నాటకాలవాళ్లు ఆవిణ్ణి ఊరి నుంచి పిలిపించుకునేవారు, ఒక్క ఆడవేషానికే డబ్బిచ్చి. ఎక్కువ రోజులు ఉంచుకుంటే ఖర్చని రెండే రిహార్సల్స్. రైలు దిగడం, వేషం వేయడం, ఆ రాత్రే మళ్లీ రైలెక్కడం. "పాత్ర నాకు రైల్లోనే వచ్చేది" అన్నారు. వచ్చిన ప్రైజుల ఫొటోల్లో తను ఎందులోనూ లేదట, ఫొటో తీసేటప్పటికి రైల్లో ఉండేది కాబట్టి.

పాలేరు అసిరిగాడి వేషం వేసింది గజపతినగరం వైపు పిల్లాడు, తొమ్మిదో తరగతి. మాట్లాడమంటే పుస్తకం భాషలో జాగ్రత్తగా మాట్లాడేవాడు. బళ్లో యాస అని నవ్వారట, అప్పట్నుంచి అలా. అసిరిగాడి మాటలు చదవమంటే ముందు నసిగాడు, తర్వాత "ఇది మా ఇంట్లో మాటే కదా మాస్టారూ" అన్నాడు. "మరి అందుకే నీకిచ్చాను. నువ్వేటీ మార్చక్కర్లేదు" అన్నారు మాస్టారు. ఆ వేషానికి మేం ఎవరం ఒక్క ముక్క నేర్పలేదు.

గిరీశం చుట్ట గురించి కూడా చెప్పాలి. వేసేవాడికి పదిహేడేళ్లు. వెలిగించకూడదని వాళ్లమ్మగారు, హాలువాళ్లు ఒకే మాట అన్నారు. గోధుమరంగు కాగితం చుట్టి ఇచ్చాం. ఏకంగా నమిలేశాడు, ప్రతి రిహార్సల్‌కీ కొత్తది చుట్టాల్సి వచ్చేది.

ఆగస్టు 17. పొద్దున్నుంచీ వాన. మధ్యాహ్నం రెండింటికి మేకప్ మొదలెట్టాం. అతికించే మీసాలకి వాడే స్పిరిట్ గమ్ ఒక పిల్లాడికి పడలేదు, పెదవి పైన ఎర్రగా వాచింది. మేకప్ ఆయన తుడిచేసి కాటుకతో మీసం గీశాడు. మీరు వేయించేటట్టయితే ముందురోజే చేతి మీద కొంచెం రాసి చూడండి. వానకి ఎవరూ రారనుకున్నాం. ఆరింటికి మూడొంతులు నిండింది. కరపత్రం మీద ఆరు అని ఉంది కదా మరి.

ముఖ్య అతిథి ఏడుంబావుకి వచ్చారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు. బాగా చందా ఇచ్చిన పెద్దాయన అయిదు నిమిషాలు మాట్లాడతానని, విజయనగరం కళలకు కాణాచి అన్న ముక్క నుంచి మొదలుపెట్టి అరగంట మాట్లాడారు. తెర వెనక పిల్లలు రంగులతో, కోట్లతో చెమటలు కక్కుతున్నారు. భామ వేషం కట్టిన తాతగారి మనవడికి జడ బరువుకి మెడ నొప్పి. ఊరి నాటక చరిత్ర గురించి నాటకం, దాన్ని మొదలవనివ్వనిది కూడా ఊరి నాటక చరిత్ర మీద ఉపన్యాసమే. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తెర తీసేసరికి ఎనిమిదిన్నర. పదికి హాలు వదలాలి, వస్తువులు సర్దడానికి పావుగంట పోను గంటన్నర నాటకం పట్టదు. మాస్టారు అక్కడికక్కడ టీవీ వచ్చిన రోజుల సీను తీసేశారు. అందులో మాత్రమే మాటలున్న ఇద్దరు పిల్లలు ఏడ్చారు. ఇప్పటికీ నాకు ఆ ఉపన్యాసం మీద కోపం పోలేదు.

భాగోతం మొదలైంది. తాతగారు స్టేజీ మీదికి రానంటే రానన్నారు, వింగ్‌లో, స్టేజీ పక్క తెర చాటునే నిలబడి పాడారు. రిహార్సల్‌లో మెల్లగా పాడే మనిషి, మద్దెల పడగానే ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. మైకు ఆయన దగ్గర లేదు, అవసరమూ లేదు. హాల్లో వెనక నుంచి ఎవరో ఈల వేశారు, తర్వాత చాలామంది వేశారు. రెండు నిమిషాలు ఏడయ్యింది అప్పుడే. పిల్లాడి నాన్న వచ్చారా లేదా అని చూశాను. మూడో వరసలో ఉన్నారు. వీడియో తీస్తున్నారు.

లెక్కల సీను మేం అనుకున్నట్టు జరగలేదు. చిన్నపిల్లలు వయసుల పలకలు మెళ్లో వేసుకుని ఒక్కొక్కరూ వస్తుంటే, ఒకరు సంఖ్యలు చదువుతారు. హాలు నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాం. పిల్లలు ముద్దుగా ఉన్నారని జనం నవ్వారు, ఫోన్లు పైకి లేపారు, ఒకావిడ తన కూతుర్ని పేరుపెట్టి పిలిచింది. ఏడాది పిల్లల ధర చదివినప్పుడు కూడా సగం మంది నవ్వుతూనే ఉన్నారు. నాకు చాలా బాధేసింది. అయిపోయాక తెర వెనక్కి ఒక ముసలావిడ వచ్చారు, ఎనభై పైనే ఉంటాయి. వాళ్ల మామ్మకి నాలుగేళ్లప్పుడు పెళ్లయిందట, శుల్కం ఎంతో కూడా ఇంట్లో చెప్పుకునేవారట. పలక వేసుకున్న పిల్లని పిలిచి గడ్డం పట్టుకుని చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆ పిల్ల మాత్రం "ఎవరక్కా ఆవిడ, నాకు రంగు చెరిపేశారు" అంది.

అసిరిగాడికి వచ్చిన చప్పట్లు గిరీశానికి రాలేదు, గిరీశం రెండు రోజులు అలిగాడు.

పదికి పదినిమిషాలుండగా ముగించాం. రంగు తీయడానికి కొబ్బరినూనె కావాలని ఎవరికీ గుర్తులేదు, ఆ వానలో పరిగెత్తి రెండు డబ్బాలు తెచ్చారు. పదిన్నరకి బయల్దేరి పిల్లల్ని ఎవరిళ్లకి వాళ్లని దింపేసరికి అర్ధరాత్రి. మర్నాడు అద్దె బట్టలు తిరిగిస్తే ఒక ఉత్తరీయం తక్కువ వచ్చింది, 400 పట్టుకున్నారు. అది తర్వాత గిరీశం వాళ్లింట్లో దొరికింది.

డిపాజిట్ కోసం నెల దాటి తిరిగాం. స్టేజీ మీద నిలబడే చోట్లకి గుర్తుగా టేపు అంటించాం కదా, దాని మరకలు పోలేదని 1,500 కోసుకున్నారు. సుద్దముక్కతో గీసినా సరిపోయేదని తర్వాత లైటింగ్ అబ్బాయి చెప్పాడు. సెప్టెంబరు 25న మిగతా 8,500 వచ్చాయి. అందులోంచి తబలా ఆయనకి బాకీ ఉన్న రెండు వేలు, మద్దెల ఆయనకి వెయ్యిన్నర ఇచ్చేశాం. తాతగారికి ఇవ్వబోతే తీసుకోలేదు. జడకి కొత్త కుచ్చులు కొనమన్నారు, మనవడు వాళ్ల ఊళ్లో వేస్తాడట.